ముప్పైఎనిమిదో నెంబరు బండి సముద్రమ్మీద నడిచిన వైనం

నా పేరు మియజి. ఆదివారం సంతలో కత్తులమ్ముతాను. నా కొట్టు పక్కనే తోమియె గారి చిలగడదుంప బజ్జీల కొట్టు. ఆ రోజు నిషిమొరి కమెజి అక్కడ నిలబడి అమెరికా కబుర్లు చెబుతుంటే మొదట్నుంచి చివరిదాకా నేను చెవులారా విన్నాను. నేను చెప్పేదంతా నిజం. ఆయన చెప్పినదానికి మాత్రం నాది పూచీ కాదు.

కమెజి ముప్పైయొక్క ఏళ్ళు మా ఊళ్ళో ట్రాము తోలాడు. రిటైరయ్యాక నోరు తోలుతున్నాడు. పెళ్ళీ పెటాకులూ లేవు, ఎందుకు చేసుకోలేదో మేమూ అడగలేదు. మొన్న జూలైలో బజారు సంఘం వాళ్ళు గోళీలు పోసి తిప్పే లాటరీ పీపా పెడితే, తనూ ఓసారి తిప్పాడు. బంగారు రంగు గోళీ రాలింది. మొదటి బహుమతి, ఆరు రోజులు సాన్‌ఫ్రాన్సిస్కో. జెండా పట్టుకుని ముందు నడిచే పిల్ల, వెనక ఇరవైమంది, అలాంటి యాత్ర.

ఆ ఊరివాళ్ళకి ఒక పిచ్చి ఉంది. ప్రపంచంలో ఎక్కడ ముసలి ట్రాము కనపడినా కొని తీసుకుపోయి తమ పెద్దవీధిలో తిప్పుకుంటారు. మా ముప్పైఎనిమిదో నెంబరు బండినీ అలాగే ఓడెక్కించి పట్టుకుపోయారు, ఆరేళ్ళయింది. ఆ బండికి తొమ్మిదేళ్ళపాటు డ్రైవరు కమెజి, కండక్టరు తోమియె గారు. ఇక కండక్టర్లు అక్కర్లేదు, డ్రైవరొక్కడు చాలని రూలు మారాక ఆవిడ దిగిపోయి ఈ మూకుడు పెట్టుకున్నారు.

కమెజి బయల్దేరేముందు ఆవిడ ఒక్కటే అడిగారు. “నాకేమీ తేవద్దు నిషిమొరి గారూ. మన బండి ఎలా ఉందో చూసి రండి, చాలు” అని.

బుధవారం తిరిగొచ్చి దిగాడట. గురువారం కనపడలేదు, శుక్రవారం కనపడలేదు. ఆదివారం పదింటికి ఊడిపడ్డాడు. ఆగస్టు ఎండలో, చెమటలు కారిపోతుంటే, ఒంటిమీద దళసరి కోటు.

“ఒరే కమెజీ, ఆ కోటేమిట్రా, జ్వరమా?” అంది హిసా అవ్వ. ఎదురుగా అల్లం అమ్ముతుంది, ఎనభై రెండేళ్ళు, ఊళ్ళో అందరూ ఆవిడకి ఒరే, ఒసేలే.

“జ్వరమా! ఇది సాన్‌ఫ్రాన్సిస్కో కోటవ్వా. అక్కడ జూలైలోనే పళ్ళు టకటకలాడతాయి. విమానం దిగిన ప్రతివాడూ మొదట కొనేది ఇదే. ఇలా జరగండి కాస్త. తోమియె గారూ, ఒక పొట్లం ఇవ్వండి, వేడివి. అక్కడ అన్నీ చల్లవే పెట్టారు.”

“బండిని చూశారా?” అన్నారు తోమియె గారు, పొట్లం కట్టకుండా.

“వస్తున్నా, వస్తున్నా, బండి దగ్గరికే వస్తున్నా. దేనికైనా ఒక వరస ఉంటుందిగా. ముందే చెబుతున్నా, నేను గొప్పలు చెప్పుకునే రకం కాదు, మీ అందరికీ తెలిసిందే.”

“తెలుసు తెలుసు” అన్నాడు మంగలి తకెమురా. అప్పుడే ఎవరికో సగం గడ్డం గీసి వచ్చాడో ఏమో, చేతిలో తువ్వాలు అలాగే ఉంది.

“మొదటి రోజు సంగతి, చాలా చిన్న సంగతి. పెద్దవీధిలో ట్రామెక్కాను. ఎక్కడికెళ్ళినా మనం నిలబడే చోటు ఒకటేగా, డ్రైవరు వెనకాల. ఆ డ్రైవరమ్మ, అబ్బో, మన గుడి గంటంత మనిషి. తోలుతూ మాట్లాడుతోంది, పాడుతోంది, పదకొండు నిమిషాలు లేటు, పదకొండు! ఒక్కడికి క్షమించండని తల వంచలేదు. పైగా నన్ను చూసి ఎలా ఉన్నావంటుంది. తనకెందుకు, నేనేమైనా చుట్టాన్నా? ఇంతలో సిగ్నల్ వచ్చింది. నా చెయ్యి ఊరుకుంటుందా? ముప్పైయొక్క ఏళ్ళ అలవాటాయె. సిగ్నల్ కనపడితే చెయ్యి చాపి, వేలు పెట్టి చూపించి, గట్టిగా పైకి చెప్పాలి. ఇంట్లో పొయ్యి ఆర్పినా ‘మంట లేదు, సరే!’ అని చూపిస్తానని మా అక్క రోజూ తిడుతుంది. అలాగే అక్కడా, ‘సిగ్నల్ పచ్చ! దారి ఖాళీ!’ అని ఒక్క కేక పెట్టాను. ఆవిడ ఠక్కున బ్రేకు వేసి నేను చూపించిన వైపు చూసింది. బండిలో వాళ్ళంతా అటే చూశారు.”

“దింపేసి ఉంటారు” అన్నాడు తకెమురా.

“దింపడమా! రెండో సిగ్నల్ దగ్గర మళ్ళీ చూపించాను. మళ్ళీ అందరూ చూశారు. మూడో సిగ్నల్ దగ్గర ఏమైందో తెలుసా? డ్రైవరమ్మే చెయ్యి చాపింది. నాలుగో సిగ్నల్‌కి బండిలో నలభైమంది చేతులూ ఒక్కసారి లేచాయి. నలభై నోళ్ళూ ఒక్కటే కేక. బయట కుక్కని నడిపించుకుంటున్నవాడు కుక్కతో సహా ఆగిపోయాడు. ఆ బండి చివరి స్టాపుకి ఎప్పుడు చేరిందనుకున్నారు? నాలుగు నిమిషాలు ముందు! ఆ ఊరి చరిత్రలో ట్రాము ముందు రావడం అదే మొదలట. స్టాపులో ఒక ముసలావిడ నమ్మలేక గడియారం విప్పి చెవి దగ్గర పెట్టుకుంది.”

హిసా అవ్వ అల్లం వేర్లు సర్దడం ఆపేసి ముక్కుమీద వేలేసుకుంది. జనం పోగవుతున్నారు. నా కొట్టు ముందు కూడా నిలబడ్డారు గాని ఒక్కడూ కత్తి వంక చూడలేదు.

“ఆ మర్నాటికి ఊరంతా పాకింది. పోలీసువాడు దొంగని పట్టుకుని వేలు చాపి ‘దొంగ దొరికాడు, సరే!’ అంటున్నాడు. మంగలివాళ్ళు కత్తెర ఆడించేముందు ‘చెవి ఇక్కడుంది, సరే!’ అని చూపించి మరీ కోస్తున్నారు. నవ్వకు తకెమురా, నువ్వూ చూపించి కోస్తే నా చెవి మీద ఈ మచ్చ ఉండేది కాదు.”

అందరూ తకెమురా వంక చూసి ఘొల్లుమన్నారు. తోమియె గారు నవ్వలేదు. దుంపముక్కలు పిండిలో ముంచి నూనెలో వదులుతూ, “బండి సంగతి చెప్పండి” అన్నారు.

“అక్కడికే వస్తున్నానండీ. ముందు కొండలు దాటాలిగా? ఆ ఊళ్ళో కొండలు ఎంత నిటారంటే, పైయింటివాడు కాళ్ళు జాపుకుంటే కిందింటివాడి టోపీ ఊడుతుంది. ఆ కొండల మీదికి వేరే రకం బండ్లున్నాయి. రోడ్డు కింద ఇనప తాడు పరిగెడుతుంటుంది, నిలువెత్తు మీట లాగి దాన్ని పట్టుకోవాలి, అదీ పని. జనం లోపల కూర్చోరు, పక్కల పట్టుకుని వేలాడతారు, మనం ఎండలో చేపలు కట్టినట్టు. నేనూ వేలాడాను. సగం కొండ ఎక్కామో లేదో, పొగమంచు దిగింది. అలా ఇలా కాదు. నా చెయ్యి నాకే కనపడలేదు. పక్కవాడి ముక్కు గోకి నాదే అనుకున్నాను.”

“ఆ తర్వాత?” అన్నారు నలుగురు.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? మీట లాగేవాడు చేతులెత్తేశాడు. ఆరడుగుల మనిషి, ఏడుస్తున్నాడు. ‘దారి కనపడందే నా వల్ల కాదు’ అన్నాడు. ఏ భాషలో అన్నాడని అడక్కండి, డ్రైవరు బాధ డ్రైవరుకి తెలుస్తుంది. అప్పుడు నేను నడుముకి ఉన్న కత్తి తీశాను. ఈ మియజి దగ్గర కొన్న కత్తే. ఏం మియజీ, నిరుడు నాకొక కూరగాయల కత్తి అమ్మావా లేదా?”

“అమ్మాను” అన్నాను. అది మాత్రం నిజం. విమానంలోకి కత్తెలా రానిచ్చారని అడగబోయి, అమ్మకం చెడగొట్టుకోవడం ఎందుకని ఊరుకున్నాను.

“విన్నారుగా, సాక్ష్యం! ఆ కత్తితో మంచు కోశాను. తోఫూ కోసినట్టు, నలుపలకల ముక్కలు. నేను కోసి వెనక్కి అందిస్తుంటే, వేలాడేవాళ్ళు ఒకళ్ళ చేతికొకళ్ళు అందించుకుని రోడ్డు పక్కన పేర్చారు. మేము వెళ్ళిన దారి ఒక్కటే ఎండ, రెండువైపులా మంచు గోడలు. పై కొసకి వెళ్ళాక తిరిగి చూస్తే, పిల్లలు ఆ ముక్కలు చల్లగా ఉన్నాయని పంచదార చల్లుకుని తింటున్నారు.”

అప్పటికి సంతలో మా వరస వ్యాపారం పూర్తిగా ఆగిపోయింది. మామూలుగా అయితే తోమియె గారు ఈపాటికి, ఇక చాలు పక్కకి జరగండి, కొనేవాళ్ళకి అడ్డం, అనేవారు. ఆ రోజు అనలేదు. బజ్జీలు వేగుతున్నాయి, ఆవిడ చూపు కమెజి మొహం మీదే ఉంది. ఆయన మాత్రం అందరి వంకా చూస్తున్నాడు, ఆవిడ వంక తప్ప.

“మర్నాడు పొద్దున్నే ట్రాముల పెద్ద నా హోటలుకి వచ్చాడు. స్వయంగా. వంగి దణ్ణం పెట్టాడు, అలవాటు లేని నడుమేమో, పైకి లేవడానికి ఇద్దరు పట్టుకోవాల్సొచ్చింది. ‘నిషిమొరి గారూ, మీ ముప్పైఎనిమిది మా దగ్గరుంది, మీ చేతులకోసం బెంగపెట్టుకుంది, ఎవరు తోలినా మొరాయిస్తోంది’ అన్నాడు.”

తోమియె గారి చేతిలో జల్లిగరిటె ఆగింది.

“తీసుకొచ్చారండీ! పెద్దవీధిలోకి, బ్యాండుమేళంతో! మన ఆకుపచ్చ రంగే, అద్దంలా తోమారు. ఇత్తడి మెరిసిపోతోంది. నన్ను చూడగానే దీపం దానంతటదే వెలిగింది.”

“దానంతటదే” అంది హిసా అవ్వ.

“దానంతటదే అవ్వా! నేనేమన్నా వెలిగించానా, ఇంకా కిందనే ఉన్నానుగా! ఎక్కాను. మీట మీద చెయ్యి వేశాను. నా బొటనవేలు అరగదీసిన చోటు, ఆ పల్లం, అలాగే ఉంది. అందులో వేలు పెడితే సరిగ్గా...” ఇక్కడ కమెజి ఆగి తన బొటనవేలు చూసుకున్నాడు. దగ్గి సర్దుకున్నాడు. “సరిగ్గా సరిపోయింది. ఇక చూడండి! మూడు వీధులు దాటేసరికి గాలికి టోపీలు ఎగిరాయి. ఏడు వీధులకి మూతిమీసాలు ఎగిరాయి. రేవు దగ్గర నీళ్ళల్లో సముద్రసింహాలని ఉంటాయి, బస్తాల్లా పడుంటాయి రోజంతా. అవి లేచి పరిగెత్తుకొచ్చి ఎక్కాయి. పదహారు. లైన్లో నిలబడి మరీ ఎక్కాయి, మన తకెమురాలా తోసుకోలేదు.”

“బండి పట్టేది అరవైమందే కదా?” అన్నాడు తకెమురా, కక్షగా.

“జనం లేచి సీట్లిచ్చారు, మర్యాద నేర్పాంగా! ఆ ఊరి పేరుమోసిన ఎర్ర బ్రిడ్జి ఎక్కాం. బ్రిడ్జి అయిపోయింది, బండి ఆగనంటోంది. బ్రేకు వేస్తే నా చెయ్యి తోసేస్తోంది. ఎటు పోతావే తల్లీ అన్నాను. ముక్కు పడమటికి తిప్పింది. మనవైపుకి! అర్థమైంది నాకు. అది ఇంటికి పోతానంటోంది.”

“సముద్రం అడ్డం లేదూ?” అన్నాను నేను.

“ఎందుకు లేదు, బోలెడుంది! మంచు కూడా బోలెడుందిగా! కత్తి మళ్ళీ తీశాను. కోయడం, ముందు పరచడం, కోయడం, పరచడం. పట్టాలు వేసుకుంటూ పోయాం. కింద తిమింగలాలు తలలెత్తి చూస్తున్నాయి. ఒక ఓడ అడ్డమొచ్చింది, చెయ్యి చాపి ‘ముందు ఓడ! జాగ్రత్త!’ అన్నాను, కెప్టెను వణికిపోయి పక్కకి తప్పుకున్నాడు. హవాయి దగ్గర స్టాపు లేదు గాని పాపం ఎవరో ముసలాయన చెయ్యెత్తితే ఆపాను. అలా పోగా పోగా, ఏం కనపడిందో తెలుసా? కత్సురహమా! మన ఒడ్డు! పైన్ చెట్లు, కింద ఇసక, అన్నీ! గాలి ఇటునుంచి వీస్తోంది. అందులో తోమియె గారి నూనె వాసన తగిలింది. ఒట్టు! ఇంకొక్క స్టాపు దూరం అంతే, ఇదిగో, ఈ సంత చివరికి ఉన్నంత దూరం...”

“బెల్లెవరు కొట్టారు?” అన్నారు తోమియె గారు.

గట్టిగా అనలేదు. అయినా అందరికీ వినపడింది.

“ఏమిటండీ?”

“బండి కదలడానికి. రెండు బెల్లులు ఎవరు కొట్టారు?”

ట్రాముల్లో పనిచేసిన వాళ్ళింటి పిల్లాడికైనా తెలిసిన సంగతి అది. కండక్టరు వెనకనుంచి రెండుసార్లు గంట కొట్టందే డ్రైవరు బ్రేకు వదలడు. రాజుగారెక్కినా వదలడు. కొత్తగా చేరినవాడికి మొదటి రోజు చెప్పేదీ, ముసలివాడు పోయేరోజు దాకా మర్చిపోనిదీ అదొక్కటే.

కమెజి నోరు తెరిచాడు. ఏ ప్రశ్నకైనా అరచేతిలో జవాబుంచుకునే మనిషి. ఎవరో ఒక అమెరికా అమ్మాయి కొట్టిందంటే అయిపోయేది. పదహారు సముద్రసింహాల్లో ఒకటి తోకతో కొట్టిందన్నా మేమంతా నవ్వేవాళ్ళం. తోమియె గారి మొహం చూస్తూ ఆ మాట అనలేకపోయాడు. ఎవరూ కొట్టకుండానే కదిలానని కూడా అనలేకపోయాడు. అటు తకెమురా వైపు చూశాడు, ఇటు నా వైపు చూశాడు. కోటు గుండీ పెట్టాడు, తీశాడు.

“ఎవరూ కొట్టలేదు” అన్నాడు చివరికి. “బండి కదల్లేదండీ.”

తోమియె గారు జల్లిగరిటె కింద పెట్టారు.

“చూశారా మరి, అసలు?”

“చూశాను. పెద్దవీధిలో లేదు. రెండో రోజు అందర్నీ బ్రిడ్జికి తీసుకెళ్తుంటే కడుపునొప్పని చెప్పి జారుకున్నాను. కాగితం మీద బండి బొమ్మ వేసి, దాని నుదుట ముప్పైఎనిమిది అని రాసి, కనపడినవాడికల్లా చూపించుకుంటూ పోయాను. ఊరి చివర షెడ్డు. గేటు దగ్గర మనిషి మంచివాడే, లోపలికి మాత్రం కుదరదన్నాడు. కంచె చుట్టూ తిరిగాను. వెనకాల గడ్డిలో ఉంది.” కమెజి ఆగాడు. “చక్రాల్లేవు తోమియె గారూ. కింద అంతా విప్పేశారు. దుంగలమీద కూర్చోబెట్టారు. ఒక్కొక్క బండే బాగుచేస్తున్నారట, వంతు రావాలట. ఎప్పుడొస్తుందో ఆ మనిషికీ తెలీదు.”

“రంగు?”

“మన ఆకుపచ్చే. వెలిసింది.”

“అద్దాలు?”

“పగల్లేదు. దుమ్ము పట్టాయి. ఒక్కటీ పగల్లేదు.”

ఆవిడ తలూపారు. నూనెలో బజ్జీలు మాడుతున్నాయి. హిసా అవ్వ తనే లేచి వచ్చి జల్లిగరిటె అందుకుని తీసి పళ్ళెంలో పోసింది. తిట్టలేదు.

“ఎన్నిసార్లు వెళ్ళారు?” అన్నారు తోమియె గారు.

“రోజూ. మిగిలిన నాలుగు రోజులూ. బ్రిడ్జి నేను చూడనే లేదు. కొండెక్కలేదు. ఆ తాడు బండి సంగతి హోటల్లో నా పక్కమంచం ఆయన చెప్పాడు. పొద్దున్నే వెళ్ళి కంచె దగ్గర నిలబడేవాణ్ణి. మొదటి రోజు ఎవరూ లేరు కదాని చెయ్యి చాపాను. ‘దారి ఖాళీ, సరే’ అని కూడా అన్నాను. అని, అలాగే నిలబడిపోయాను. ఎంతసేపో తెలీదు. బెల్లు వినపడుతుందేమోనని.” తలవంచుకున్నాడు. “వినపడదని తెలుసు. మీరిక్కడున్నారు కదా. అయినా ఆ నాలుగు రోజులూ దానికోసమే నిలబడ్డాను. వచ్చాక మీకేం చెప్పాలో తోచక మూడు రోజులు ఇంట్లోనే ఉన్నాను. దుంగలమీద ఉందని నా నోటితో ఎలా చెప్పను?”

సంతలో ఎక్కడో ఎవరో పుచ్చకాయలు చవకని అరుస్తున్నారు. తకెమురా తువ్వాలు భుజాన వేసుకున్నాడు, వెళ్ళలేదు. అటు కుర్చీలో సగం గడ్డంతో కూర్చున్నవాడి గతి ఏమిటో నాకు తెలీదు.

తోమియె గారు పొయ్యి కట్టేశారు. ఆదివారం పదకొండింటికి, అంతమంది జనం ఉండగా ఆవిడ పొయ్యి కట్టడం నేనెప్పుడూ చూళ్ళేదు. చేతులు తుడుచుకుని కొట్టు ముందుకొచ్చారు. మోకాళ్ళ నొప్పి, నా బల్ల పట్టుకుని నిలబడ్డారు.

“మళ్ళీ చెప్పండి” అన్నారు.

“ఏం చెప్పను? అంతా అబద్ధమని చెప్పేశానుగా.”

“నాకు తెలీదా? ముప్పైఎనిమిది ఎప్పుడైనా అంత జోరుగా పోయిందా? మన ఊరి వంతెన ఎక్కాలంటేనే ఆయాసపడేది. అందుకని కాస్త మెల్లిగా తోలండి. మొదట్నుంచి చెప్పండి. పెద్దవీధిలోకి తెచ్చారన్నారే, అక్కణ్ణుంచి. ఈసారి వెనకాల నేనున్నాను.”

కమెజి కోటు విప్పి నా బల్లమీద పెట్టాడు. మడమలు రెండూ దగ్గరికి చేర్చాడు. చెయ్యి ముందుకి చాపాడు. దించి, వెనక్కి తిరిగి తోమియె గారి వైపు చూశాడు.

“ముందు మీరెక్కండి” అన్నాడు.